ముడి లేని కట్టు

కొట్టు తాతగారు కట్టిచ్చిన పొట్లానికి ఎక్కడా ముడి ఉండేది కాదు. చిన్నప్పుడు నాకది పెద్ద వింత. మా వీధిలో మిగతా రెండు కొట్లలోనూ పురికొసని రెండు మూడు ముళ్ళు బిగించి ఇచ్చేవాళ్ళు. ఇంటికొచ్చాక అమ్మ దాన్ని పళ్ళతో కొరికో, కత్తిపీటకి ఆనించో తెంపేది. ఒక్కోసారి కాగితం చిరిగి పప్పంతా నేలపాలయ్యేది. తాతగారి పొట్లమైతే కొస ఎక్కడుందో చూసుకుని ఒక్క లాగు లాగితే చాలు, చుట్లన్నీ జారి విడిపోయేవి. పోనీ వదులుగా కట్టేవారా అంటే, అదే పొట్లాన్ని సంచిలో వేసుకుని గతుకుల రోడ్డున సైకిలు మీద పొరుగూరు వెళ్ళినా గింజ రాలేది కాదు.

పోయిన మాఘమాసంలో, 87వ ఏట ఆయన వెళ్ళిపోయారు. ద్వారపూడికీ మండపేటకీ నడుమ కాలువ గట్టు ఊళ్ళలో ఒకటి మాది. అక్కడ 60 ఏళ్ళకి పైగా కిరాణా కొట్టు నడిపారు. కొట్టు వెనక 4 సెంట్ల పెరట్లో 60 గులాబీ మొక్కలు పెంచారు. పేరు వెయ్యొద్దని ఇంట్లోవాళ్ళు కోరారు. ఊరంతా కొట్టు తాతగారనే పిలిచేది కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను. ఆయన మంచితనం గురించి చెప్పేవాళ్ళు మా ఊళ్ళో ఇంటికొకరు దొరుకుతారు. నేను చెప్పాలనుకున్నది ఆయన పనితనం గురించి. దగ్గర కూచుని చూసినవాళ్ళం ఇద్దరమో ముగ్గురమో ఉన్నాం, మేమూ చెప్పకపోతే ఎవరు చెబుతారు?

కొట్టంటే వీధివైపు పలకల తలుపుల గది. గల్లాపెట్టె పక్కన చెక్కబల్ల, బల్ల మీద కాటా. దూలానికి కొక్కెం, కొక్కేనికి అడుగున చిల్లు పొడిచిన డాల్డా డబ్బా, డబ్బాలో పురికొస ఉండ. చిల్లులోంచి కొస సరిగ్గా ఆయన కుడి భుజం ఎత్తుకి వేలాడేది. ఎడమ పక్కన పాత దినపత్రికలు, మూడు సైజుల్లో ముందే చింపి పెట్టినవి. కత్తెర వాడగా నేనెప్పుడూ చూడలేదు. మడత మీద గోటితో ఒకసారి గీసి లాగితే కాగితం అంచు కొలబద్ద పెట్టి కోసినంత తిన్నగా వచ్చేది.

పంచదార పొట్లం కట్టే తీరు చెబుతాను. కాగితాన్ని ఎడమ అరచేతిలో పరిచి, కుడిచేత్తో ఒక మూలని లోపలికి తిప్పితే గరాటు తయారు. గరాటు కొనని వెనక్కి మడిచి నొక్కేవారు, పంచదార కారేది అక్కణ్ణించే కదా. కాటా పళ్ళెంలోంచి సరుకు పోసి, బల్ల మీద రెండుసార్లు తట్టేవారు. తట్టకుండా కడితే దారిలో సరుకు సర్దుకుని కట్టు వదులైపోతుంది. తర్వాత పైన మూడు మడతలు, కుడినించి ఒకటి, ఎడమనించి ఒకటి, చివరిది నాలుకలా ముందుకి. అప్పుడు పైనుంచి పురికొస అందుకుని నిలువుగా ఒక చుట్టు, పొట్లాన్ని వేళ్ళ మధ్య తిప్పి అడ్డంగా రెండు చుట్లు. ఆఖరి చుట్టు వేసేటప్పుడు దాని కింద బొటనవేలు పెట్టి ఉంచేవారు. వేలు తీసిన సందులోకి కొసని రెండుగా మడిచి దోపి, పైచుట్టు లాగి బిగించేవారు. పురికొసని వేలికి చుట్టి ఒక్క కుదుపుతో తెంపడం, పొట్లం మన చేతిలో పెట్టడం ఒకేసారి జరిగిపోయేవి.

"ముడెందుకు వెయ్యరు తాతగారూ?" అనడిగాను ఒకరోజు. నాకప్పుడు 8 ఏళ్ళు.

"విప్పేది నేను కాదు కదమ్మా, మీ అమ్మ. పొయ్యి మీద ఎసరు మరిగిపోతుంటే ఆవిడ ముళ్ళు విప్పుకుంటా కూచుంటుందా?" అన్నారు, ఇంకో పొట్లం చుడుతూనే.

ఆ మాట అప్పటికి విని వదిలేశాను. డిగ్రీ అయ్యి, ఉద్యోగం కోసం కాగితాలు పంపుకుంటూ ఊళ్ళో ఖాళీగా ఉన్న ఏడాది, పొద్దుటిపూట ఆయన పెరట్లో కూచోవడం అలవాటైంది. అంటు కట్టడం అప్పుడే దగ్గర్నుంచి చూశాను. ఆయన దాన్ని నేర్చుకున్నది కడియపులంకలో. గోదావరి ఒండ్రు నేలలో ఆ చుట్టుపక్కలంతా నర్సరీలే. కొట్టుకి సెలవున్న రోజు సైకిలు మీద వెళ్ళి, రోజుకి వందల కళ్ళు కట్టే పనివాళ్ళ పక్కన గొంతుక్కూచుని చూసి వచ్చేవారట. అక్కడివాళ్ళ వేగం తనకి రాలేదని ఆయనే చెప్పేవారు. ఆ వేగం ఆయనకి అక్కర్లేదు కూడా. పూలు గానీ మొక్కలు గానీ ఏనాడూ అమ్మలేదు.

గులాబీలో మంచి రకాల కొమ్మని నేరుగా నేలలో గుచ్చితే చాలావాటికి వేళ్ళు సరిగా రావు, వచ్చినా బలం ఉండదు. అందుకని మొండి రకం మొక్క ఒకటి కింద ఉంచి, దాని బెరడులో మంచి రకం కన్ను ఒకటి ఇమిడ్చి కడతారు. ఉత్తరాదిన కింది మొక్కగా ఎక్కువగా ఎడ్వర్డ్ గులాబీనీ, ఇండికా ఒడొరాటా రకాన్నీ వాడతారు. మన వైపు మల్టిఫ్లోరా బాగా కుదురుతుంది. తాతగారు వాడింది ముళ్ళు లేని మల్టిఫ్లోరా. ఎడ్వర్డ్ కథ వేరే ఉంది. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో రైతులు కంచెల కోసం రెండు రకాల గులాబీలు నాటుకుంటే, ఆ రెంటికీ తమంతట తాము సంపర్కం జరిగి పుట్టిందది. అక్కణ్ణించి ఒక దారి పారిస్ తోటలకి, ఇంకో దారి మన దేశానికి. గులాబీ చరిత్రంతా ఇలాంటి ఓడ ప్రయాణాలే. ఏడాది పొడవునా పూసే చైనా గులాబీలు 18వ శతాబ్దం చివర్లో కలకత్తా మీదుగా యూరప్ చేరితే, అక్కడివాళ్ళు వాటిని బెంగాల్ గులాబీలనే పిలిచారు.

కన్ను కట్టే ముందురోజు సాయంత్రం కింది మొక్కకి బాగా నీళ్ళు పెట్టేవారు. అప్పుడే తెల్లారి బెరడు కర్రని వదిలి లేస్తుంది. పెన్సిలు లావు కొమ్మ, నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున చోటు. అక్కడ మట్టిని తడిగుడ్డతో తుడిచి, చిన్న చాకుతో అడ్డంగా ఒక గీత, దాని మధ్యనుంచి కిందికి అంగుళం పొడవున నిలువు గీత. ఇంగ్లీషు టీ అక్షరంలా ఉంటుంది కాబట్టి నర్సరీలవాళ్ళు టీ బడ్డింగ్ అంటారు. బెరడు తెగాలి, లోపలి కర్ర మీద గాటు పడకూడదు. ఆ తేడా ఎంతో ఆయన చెప్పలేదు. నా చేతిలో చాకు పెట్టి, నా వేలి మీద తన వేలు పెట్టి గీయించారు. బెరడు తెగుతున్నంతసేపూ చాకు మెత్తగా జారింది. కర్రకి తగలగానే ఇసుక మీద గోరు గీసినట్టు సన్నని గరుకు తెలిసింది. "అదిగో, అక్కడాగాలి," అన్నారు.

కన్ను ఎంచుకోవడం మరో విద్య. పువ్వు పూసి రేకులు రాలిన కొమ్మ కావాలి. దాని మీది ముల్లుని పక్కకి నొక్కితే పుటుక్కున ఊడిరావాలి. వంగితే లేత, చీలితే ముదురు. ఆ కొమ్మలోనూ చివరి కళ్ళు తొందరపడి చచ్చిపోతాయి, మొదటి కళ్ళు బద్ధకంగా పడుంటాయి, మధ్యలోవే పనికొస్తాయి. ఆకు తుంచేసి తొడిమని అర అంగుళం మిగల్చాలి, కన్నుని పట్టుకోవడానికి అదే పిడి. కింద అర అంగుళం నుంచి మొదలుపెట్టి కన్ను వెనకగా చాకుని పైకి తెస్తే, డాలు ఆకారంలో చిన్న ముక్క వస్తుంది. దాని వెనక అంటుకున్న పలచటి చెక్కని గోటితో తిప్పి లాగాలి. లాగినప్పుడు కన్ను గుజ్జు కూడా ఊడొచ్చి చిన్న గుంట పడిందంటే ఆ ముక్క గుడ్డిది. బయటినుంచి చూస్తే మంచిదానికీ గుడ్డిదానికీ తేడా ఏమీ ఉండదు. కంటి శుక్లం ఆపరేషను అయ్యాక కూడా ఆయన ప్రతి ముక్కనీ వెనక్కి తిప్పి వేలితో తడిమి చూసేవారు. అనుమానం వస్తే పారేసి, ఇంకోటి కోసేవారు.

తర్వాత చాకు వెనకవైపుతో టీ రెక్కలు లేపి, ముక్కని తొడిమ పట్టుకుని పైనుంచి కిందికి జార్చేవారు. చొక్కా జేబులోకి చీటీ జారినట్టు దిగేది. అడ్డగీత దగ్గర మిగిలిన తోకని సమంగా కోసి, ఇక కట్టు. మరమరాలు వచ్చే పెద్ద పాలిథీన్ సంచులు ఉంటాయి చూడండి, పలచగా ఉండి సాగుతాయి. వాటిని వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి చూరుకి వేలాడదీసేవారు, అచ్చం కొట్లో పురికొసలాగే. కట్టు కిందినుంచి మొదలు. ఒక చుట్టు మీద సగం పడేలా ఇంకో చుట్టు, వాన నీళ్ళు లోపలికి దిగకుండా. కన్ను దగ్గరికొచ్చాక కింద ఒకటి, పైన ఒకటి, కన్నూ తొడిమా మాత్రం బయటికి. ఆఖరి చుట్టు కింద బొటనవేలు పెట్టారు. వేలు తీసి, ఆ సందులోకి కొసని మడిచి దోపి, లాగారు.

చూస్తున్న నాకు ఒక్క క్షణం ఏం మాట్లాడాలో తెలియలేదు. పంచదార పొట్లం కట్టు అది. పదిహేనేళ్ళుగా మా ఇంటికొస్తున్న కట్టు.

"ఇక్కడ విప్పేది మీరే కదా తాతగారూ," అన్నాను.

"నేనే. కానీ అప్పటికి లోపలి కన్ను మేలుకునుంటుంది. గోరు తగిల్తే ఊడిపోద్ది. ముడి పడిందనుకో, చాకు పెట్టాలి. చంటిపిల్ల మెడ దగ్గర చాకు పెడతామా?"

ఆ మాట విన్నాక నాకు ఆయన చేతులు వేరేగా కనిపించడం మొదలైంది. కట్టేటప్పుడే విప్పే క్షణం ఆయన మనసులో ఉండేది. విప్పేది ఎవరు, ఏ తొందరలో ఉంటారు, వాళ్ళ చేతిలో ఇంకేముంటుంది, లోపలున్నది ఎంత సున్నితం. గట్టిగా కట్టడం ఎవరికైనా వస్తుంది. గట్టిగా ఉంటూనే ఒక్క లాగుకి వదిలే కట్టు వెయ్యాలంటే అవతలి చివర ఉన్నవాళ్ళని తలుచుకుంటూ కట్టాలి. నేనెరిగిన పనివాళ్ళలో ఇది ఇంత నిండుగా ఉన్నది ఆయనలోనే.

కన్ను పట్టిందో లేదో తెలియడానికి మూడు వారాలు ఆగాలి. నేను వారానికే వెళ్ళి వంగి వంగి చూసేదాన్ని. "నన్నడక్కమ్మాయ్, తొడిమనడుగు," అనేవారు. మిగిల్చిన ఆ అర అంగుళం తొడిమే సాక్షి. కన్ను బతికితే తొడిమ పసుపురంగుకి తిరిగి, వేలు తాకగానే టప్పున రాలిపోతుంది. బతికిన కొమ్మ పండుటాకుని రాల్చినట్టే. కన్ను చచ్చిపోతే తొడిమ నల్లగా ఎండి అక్కడే పట్టుకుని వేలాడుతుంది, లాగినా రాదు. రాలిపోవడం బతుక్కి గుర్తు, పట్టుకుని ఉండటం చావుకి గుర్తు. మొదటిసారి నేను కట్టిన ఆరింటిలో ఒకే ఒక్క తొడిమ రాలింది. ఆ రోజు కొట్లోంచి ఓ పటికబెల్లం ముక్క తెచ్చి నా చేతిలో పెట్టారు.

ఆయన దగ్గర పీస్ గులాబీ ఒక మొక్క ఉండేది. ఫ్రాన్స్‌లో ఫ్రాన్సిస్ మెయాన్ 1930లలో పెంచిన ఒక్క మొలక దాని మూలం. రెండో ప్రపంచయుద్ధం ముంచుకొచ్చేలోపు దాని కొమ్మలు దేశాలు దాటాయి. 1945లో, యుద్ధం ముగుస్తున్న రోజుల్లో, అమెరికాలో దానికి శాంతి అని పేరు పెట్టారు. లేత పసుపు రేకులు, అంచుల్లో గులాబీ చాయ. మా ఎండలకి ఆ పసుపు సగం పాలిపోయేది, అయినా ఆయన దాన్ని తీసెయ్యలేదు. ఒకరోజు ఆయనకి చెప్పాను: ప్రపంచంలో ఉన్న పీస్ మొక్కలన్నీ నిజానికి ఒకే మొక్కండీ, విత్తనం వేస్తే అది రాదు, ఆ మొదటి మొలక కన్నే చేతులు మారుతూ ఇక్కడిదాకా వచ్చింది, అని. ఆయన చాలాసేపు ఆ మొక్కనే చూశారు. "అంటే మధ్యలో ఎవరో ఒకరు సరిగా కట్టకపోతే నా దాకా వచ్చేదే కాదన్నమాట," అన్నారు.

ఇక నేల సంగతి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మా వైపంతా కాలువల నీళ్ళు, వరి. వరికి అమృతంలాంటి ఆ రేగడి గులాబీకి పనికిరాదు. వానాకాలం వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిచి మొక్క నల్లబడి పోతుంది. వేసవిలో కాలువలు కట్టేస్తే అదే నేల బీటలు తీసి వేళ్ళని తెంపుతుంది. తాతగారు నేలతో పోట్లాడలేదు, దాని మీద ఇంకో నేల కట్టుకున్నారు. మోకాలి ఎత్తు గట్లు, వాటిలో గోదావరి ఇసుక, రెండేళ్ళు మగ్గిన పశువుల ఎరువు, ఇంత ఎర్రమట్టి. పాళ్ళు తవ్వతో, సోలతో కొలిచేవారు. కుర్రతనంలో వీశెలూ సేర్లతో తూచిన మనిషి, కొట్లోకి కిలోలు వచ్చినా పెరట్లో పాత కొలతలు ఉండిపోయాయి. వేసవిలో గట్ల మీద కొబ్బరి డొక్కలు బోర్లించి పరిచేవారు, తడి ఆరకుండా.

ఎరువంతా కొట్టు సరుకే. వేరుశనగ చెక్కని కుండలో నానబెట్టి, వారం పులిశాక పదింతలు నీళ్ళు కలిపి మొదట్లో పోసేవారు. ఈ వారం నానబెట్టడం వెనక ఒక దెబ్బ ఉంది. మొదట్లో ఒక ఏడాది ఆత్రంగా పచ్చి చెక్కనే దంచి మొదళ్ళలో వేశారట. వేడికి లేత వేళ్ళు మాడి, చెదలు పట్టి, తొమ్మిది మొక్కలు పోయాయి. ఎముకల పిండి వేసిన ఏడాది వీధికుక్కలు రాత్రికి రాత్రి గట్లన్నీ తవ్విపోశాయి. ఆ తర్వాత ఎముకల పిండిని అడుగున వేసి, పైన వేపచెక్క కలిపిన మట్టి జానెడు మందాన కప్పేవారు. కుక్కలు మళ్ళీ రాలేదు. తన తప్పుల్ని ఆయన దాచుకోలేదు, పద్దు పుస్తకంలో రాసి పెట్టుకున్నారు. ఆ పుస్తకం దగ్గరికి తర్వాత వస్తాను.

కత్తిరింపులో ఆయన లెక్క చూస్తే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది. మన మైదానాల్లో గులాబీని వానలు వెనకబట్టాక కత్తిరిస్తారు. కత్తిరించిన నాటి నుంచి 45, 50 రోజులకి మొదటి విడత పూలు విచ్చుకుంటాయి. తాతగారు దీన్ని పండగల నుంచి వెనక్కి లెక్కపెట్టేవారు. ధనుర్మాసం డిసెంబరు 16న మొదలు. వెనక్కి 48 రోజులు, అక్టోబరు 29. ఆ రోజు సగం మొక్కలకి కత్తెర. భోగి నుంచి వెనక్కి లెక్కపెడితే నవంబరు 26, మిగతా సగానికి అప్పుడు. ముగ్గుల్లో గొబ్బెమ్మల మీదికి, సంక్రాంతికి వచ్చిన కూతుళ్ళ జడల్లోకి వీధివీధంతా ఆ పూలే. రెండు విడతలు చెయ్యడానికి ఇంకో కారణమూ ఉంది. నవంబరు 14న బడిపిల్లలు బిలబిలమంటూ కొట్టుకొచ్చేవాళ్ళం. నెహ్రూగారి బొత్తంలో గులాబీ కదా, బాలల దినోత్సవానికి మాకూ తలా ఒకటి కావాలి. అన్నీ ఒకేసారి కత్తిరిస్తే ఆ రోజుకి పెరట్లో పువ్వే ఉండదు. కత్తిరించని సగంలో వానాకాలపు చిన్న చిన్న పూలు ఉండేవి. మాకు కావలసింది బొత్తానికి పట్టేంత పువ్వే.

కత్తెర ఎక్కడ పడాలో కూడా తూకమే. బయటివైపు చూసే కన్నుకి పైన గోరంత ఎత్తులో, కన్ను వెనక్కి వాలేలా ఏటవాలుగా. మరీ దగ్గరగా కోస్తే కన్ను ఎండిపోతుంది, మరీ పైన కోస్తే మిగిలిన మోడు నుంచి ఎండుతెగులు కిందికి దిగుతుంది. లోపలి కన్ను మీద కోస్తే కొమ్మ మధ్యలోకి పెరిగి గాలి ఆడదు. కోసిన ప్రతి చోటా వేలితో మందు ముద్ద అద్దేవారు. 60 మొక్కలు, మొక్కకి ఆరేడు కోతలు, ఒక్కటీ వదలకుండా.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను మా జిల్లా మీద పడింది. నాకు 11 ఏళ్ళు. కొబ్బరిచెట్లు విరిగిన చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. తెల్లారి ఆయన పెరట్లోకి వెళ్తే, వారం కిందటే కత్తిరించిన సగం మొక్కలు గట్ల మీద పొట్టిగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. మిగతా సగం పూలతో, ఆకులతో బరువెక్కి ఉన్నాయి కాబట్టి గాలికి ఊగి ఊగి, మొదళ్ళ దగ్గర మట్టిలో గరాటులా గుంటలు పడ్డాయి. ఆ గుంటల్లో నీళ్ళు. ముందు ఊరివాళ్ళకి బియ్యం, కిరసనాయిలు, కొవ్వొత్తులు ఇవ్వడం. రెండు రోజులు కొట్లోంచి కదల్లేదు. మూడో నాడు పెరట్లోకి వచ్చి, ఒక్కో మొక్కకి రెండు పక్కలా వెదురుబద్ద పాతి, మొదలుకీ బద్దకీ మధ్య గోనెగుడ్డ మడత పెట్టి పురికొస చుట్టారు. ఆ కట్లకీ ముడి లేదు. ఆ సంవత్సరం బాలల దినోత్సవం లేదు, బడే తెరవలేదు. సంక్రాంతికి మాత్రం పూలొచ్చాయి, తక్కువే అయినా.

కింది మొక్క నుంచి లేచే పిలకల విషయంలో ఆయనది గట్టి మాట. ఏడు ఆకులుంటే నాటుది, అయిదుంటే మంచిదని చాలామంది ఆకులు లెక్కపెట్టి నరికేస్తారు. అది నమ్మదగిన గుర్తు కాదు, మంచి రకాల్లోనూ ఏడాకుల రెమ్మలు వస్తాయి. తాతగారు మట్టి తవ్వి, పిలక కట్టుకి పైనుంచి పుట్టిందా, కిందినుంచి పుట్టిందా అని చూసేవారు. కిందిదైతే కత్తెర వాడేవారు కాదు, పట్టుకుని కిందికి ఒక్క గుంజు గుంజేవారు. కోస్తే దాని మొదట్లోని కళ్ళు మిగిలిపోయి రెండింతలు మొలుస్తాయి, గుంజితే కళ్ళతో సహా వస్తుంది.

చలిదేశపు మొక్కని మన ఎండలో పెంచుతున్నామన్న బాధ ఆయనకి ఎప్పుడూ ఉండేది. "మన ఎండకి పుట్టిన గులాబీ కావాలమ్మా," అనేవారు. ఆ కోరిక ఆయనొక్కరిదే కాదు. భారత వ్యవసాయ పరిశోధన మండలి తొలి డైరెక్టర్ జనరల్ బి.పి.పాల్ గోధుమల మీద పనిచేస్తూనే మన వాతావరణానికి తగిన గులాబీలు వందకి పైగా సృష్టించారు. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారి ఎం.ఎస్.వీరరాఘవన్ ఉద్యోగం ముందే వదిలి కొడైకెనాల్ చేరి, మన దేశపు అడవి గులాబీలు జైగాంటియా, క్లైనోఫిల్లాలతో సంకరాలు చేశారు. క్లైనోఫిల్లా తడినేలల్లో బతికే గులాబీ అని నేను చదివి చెప్పినప్పుడు తాతగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నీళ్ళలో బతుకుద్దా? మన వరిచేలో పెట్టొచ్చన్నమాట," అని మురిసిపోయారు. ఆ మొక్క ఆయనకి తెచ్చివ్వలేకపోయాను.

ఇప్పుడు పుస్తకం. కొట్టుకి చిట్టా, ఆవర్జా ఉన్నట్టే గులాబీలకీ ఒకటి ఉండేది. ఎర్రగుడ్డ అట్ట, పొడుగాటి కాగితాలు. మొదటి పుటలో పసుపు బొట్టు, శ్రీకారం. మొక్కకొక పుట. క్వీను ఎలిజిబెత్తు, గ్లాడేటరు, పీసు, సూపరుస్టారు అని పైన పేరు. కన్ను ఎవరిచ్చారు, ఏ తిథిన కట్టారు, ఎన్ని కట్టారు. పుటకి మధ్యలో గీత. తొడిమ రాలినవి జమ, ఎండినవి ఖర్చు. పచ్చి చెక్క వేసి తొమ్మిది మొక్కలు చంపుకున్న ఏడాది ఖర్చు పక్కన "నా తొందర" అని రెండు మాటలు. అప్పు ఎగ్గొట్టినవాళ్ళ ఖాతాల్లో ఇంత కఠినంగా రాసుకున్నారో లేదో నాకు అనుమానమే. ఎవరికైనా మొక్క ఇస్తే ఆ ఇంటిపేరు కూడా రాసేవారు. తన మొక్క పోయినప్పుడు ఆ పద్దు చూసుకుని వాళ్ళింటికెళ్ళి ఒక కొమ్మ అడిగి తెచ్చుకునేవారు. అలా ఊరంతా ఆయనకి రెండో పెరడు.

ప్యాకెట్ల సరుకు వచ్చాక పొట్లాలు తగ్గిపోయాయి. డాల్డా డబ్బా మాత్రం దించనివ్వలేదు. చింతపండుకీ, బెల్లానికీ, గుళ్ళోకి పంపే పసుపుకీ చివరిదాకా కాగితమూ పురికొసే. కొడుకు కొట్లో కూచున్నా, ఈయన పక్కన స్టూలు మీద కూచుని అవే కట్టేవారు.

పుష్యమాసంలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి, ఆయన పెరట్లో 11 కళ్ళు కట్టారు. పీస్ మొక్క ముసలిదైపోయింది, దాన్నుంచే. నేను ఫోన్ చేస్తే కోడలు చెప్పింది, పీట వేసుకుని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కట్టారు, అన్నానికి లేవమన్నా లేవలేదు అని. మూడు వారాలు గడవకుండానే ఆయన నిద్రలో వెళ్ళిపోయారు.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక కోడలు నన్ను పక్కకి పిలిచి ఎర్ర పుస్తకం చేతిలో పెట్టింది. "వాటి సంగతి మీకే తెలుసు, ఓసారి చూస్తారా," అంది. చివరి పుటలో పీసు అని పేరు, తిథి, కట్టినవి 11. అక్షరాలు కొంచెం వంకర్లు పోయాయి, మధ్యలో గీత మాత్రం నిట్రాటలా నిలబడి ఉంది. గీతకి రెండు పక్కలా ఖాళీ.

పెరట్లోకి వెళ్ళి మొదటి మొక్క దగ్గర గొంతుక్కూచున్నాను. తొడిమ పసుపుపచ్చగా ఉంది. వేలు తగిలించాను, రాలింది. రెండోదీ రాలింది. మూడోది నల్లగా ఎండి కదల్లేదు. అలా చివరిదాకా చూసుకుంటూ వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చాను. కట్టు వెనకవైపు కొస ఎక్కడుందో తెలుసు నాకు. పట్టుకుని ఒక్కసారి లాగాను. చుట్లన్నీ జారిపోయాయి. బెరడు మధ్య ఆకుపచ్చటి కన్ను, గసగస గింజ కంటే కాస్త పెద్దది.

కొట్లోకెళ్ళి ఆయన పెన్నే తీసుకుని రాశాను. జమ 8, ఖర్చు 3.